పక్క పైపు తాళం

మొన్న గురువారం మధ్యాహ్నం డబ్బా విప్పి అన్నం తింటుంటే ఫోన్ మోగింది.

"అన్నా, గుమ్మిడిపూండిలో ఉండా. ఆసిడ్ లోడు తెచ్చినా. ఆసిడ్ పైపుకి తాళం తీసి చూపించినారు. పక్కనే ఇంకో పైపు ఉంది, దానికి తాళమే లేదు. లారీ గొట్టం, అదే ఓస్, తగిలించమంటున్నారు. ఏం చేయమంటావ్?"

"తగిలించొద్దు అబ్బయ్యా. కేబిన్‌లో కూర్చో. ఆ పక్క పైపుకి తాళం పడ్డాక దిగు."

గంటన్నర కూర్చున్నాడట. వాళ్లు విసుక్కున్నారట, నీ ఓనర్‌కి ఫోన్ చేస్తాం అన్నారట. చివరికి ఎక్కడి నుంచో ఒక గొలుసు, తాళం తెచ్చి వేశారు. వేసిన తాళాన్ని ఫొటో తీసి నాకు వాట్సాప్‌లో పంపాడు. ఆ ఫొటో చూశాక మిగిలిన అన్నం తినలేకపోయాను. ఆకలి లేక కాదు, కళ్లు నిండాయి. ఎందుకో చెప్పాలంటే 2019 జూన్‌కి వెళ్లాలి.

మాది నాయుడుపేట దగ్గర పల్లె. మద్రాసు వచ్చి ఇరవై ఆరేళ్లు. మణలిలో ఒక ఫ్యాక్టరీలో నీళ్ల సెక్షన్ చూస్తాను. అంటే బాయిలర్‌కి పంపే నీటిని శుద్ధి చేసే డీఎం ప్లాంటు, బయటి నుంచి వచ్చే నీటికి హైపో కలపడం, వాటికి కావలసిన ఆసిడ్, కాస్టిక్, హైపో దింపుకోవడం. మా దగ్గర హైపో అంటే సోడియం హైపోక్లోరైట్, ఆసిడ్ అంటే హైడ్రోక్లోరిక్, కాస్టిక్ అంటే సోడియం హైడ్రాక్సైడ్. హైపో, ఆసిడ్ రెండూ లారీ ట్యాంకర్లలోనే వస్తాయి.

ఆ వేసవి చెన్నైలో ఉన్నవాళ్లెవరూ మరచిపోరు. రెడ్ హిల్స్, చోళవరం, పూండి, చెంబరంబాక్కం చెరువులు ఎండిపోయాయి. వీధివీధినా ప్లాస్టిక్ బిందెల వరసలు. మా ఫ్యాక్టరీ కూడా నీళ్ల లారీల మీదే బతికింది. ఏ బావిలోంచి తెచ్చేవాళ్లో తెలియదు, ఒక్కో లారీ నీళ్లు ఒక్కో వాసన. దాంతో హైపో వాడకం బాగా పెరిగింది. పదిహేను రోజులకోసారి వచ్చే హైపో లారీ వారానికి రెండు సార్లు రావడం మొదలైంది. నీటిలో ఉప్పు ఎక్కువ కావడంతో డీఎం ప్లాంటును మాటిమాటికీ రీజనరేట్, అంటే ఆసిడ్‌తో కడిగి మళ్లీ పనికొచ్చేలా, చేయాల్సి వచ్చి ఆసిడ్ కూడా ఎక్కువ పట్టేది. ముందు రోజు సాయంత్రం హైపో దింపాం. మర్నాడు పొద్దున పది గంటలకు ఆసిడ్ లారీ వచ్చింది. ముందు రోజు హైపో పైపుకి తీసిన తాళం మళ్లీ వేయలేదు. వేయవలసింది నేను.

అప్పట్లో మా అన్‌లోడింగ్ యార్డులో గోడలోంచి రెండు పైపులు బయటికి వచ్చి ఉండేవి. మధ్య దూరం జానెడున్నర. రెండూ రెండంగుళాలవే, రెండింటికీ ఒకే రకం కామ్‌లాక్ మూత, అంటే పక్కనున్న చెవులు మడిస్తే బిగుసుకునేది. మీద తమిళంలో, ఇంగ్లిష్‌లో బోర్డులు, ఎండకు వెలిసి, ఆసిడ్ ఆవిరికి పెంకులు లేచి ఉండేవి. పంపు ట్రాలీ మీద ఉండేది. లారీ నుంచి ఒక ఓస్ పంపుకి, పంపు నుంచి ఇంకో ఓస్ గోడలోని పైపుకి. పంపు స్విచ్ కూడా అక్కడే.

లారీ నెల్లూరు జిల్లాది. డ్రైవర్‌కి నలభై దాటి ఉంటాయి. క్లీనర్ ఆయన అక్క కొడుకు, పందొమ్మిదేళ్లవాడు. పదో తరగతి తప్పి మేనమామ వెంట వచ్చేశాడు. చదవగలిగేది తెలుగు ఒక్కటే. నేను ఆసిడ్ పైపు తాళం తీసి, డ్రైవర్‌తో వేబ్రిడ్జి కాగితాలు, చలానా చూసుకోవడానికి ఆఫీసు గదిలోకి వెళ్లాను. యార్డులో తమిళతనైన మా హెల్పరూ, కుర్రవాడూ మిగిలారు.

హెల్పర్ "ఇడదు పక్కం" అన్నాడు. తమిళంలో ఎడమ పక్క అని. కుర్రవాడి చెవికి అది "ఇదే" అని వినపడింది. వాడు నిలబడి ఉన్నది కుడివైపు పైపు ముందు, అంటే హైపో పైపు ముందు. మూత పట్టి లాగితే వచ్చేసింది. తాళం ఉండి ఉంటే అక్కడే ఆగేవాడు. ఓస్ తగిలించాడు, లారీ వాల్వు తిప్పాడు, హెల్పర్ స్విచ్ వేశాడు.

హైపోలో ఆసిడ్ పడితే ఏమవుతుందో మా పనిలో ఉన్నవాళ్లకు తెలుసు, బయటివాళ్ల కోసం చెబుతాను. హైపో తయారు చేసేదే కాస్టిక్ నీటిలో క్లోరిన్ వాయువును కరిగించి. ఆసిడ్ తగలగానే ఆ క్లోరిన్ తిరిగి బయటికి వస్తుంది. డబ్బా మీద 10 శాతం అవైలబుల్ క్లోరిన్ అని రాస్తే, ఒక లీటరు హైపో ఆసిడ్‌తో పూర్తిగా విడిపోయినప్పుడు సుమారు 100 గ్రాముల క్లోరిన్ ఇవ్వగలదని అర్థం. వాయువుగా అది ముప్ఫై లీటర్ల పైమాటే. గాలిలో పది లక్షల పాళ్లలో 10 పాళ్లు క్లోరిన్ ఉంటే చాలు, అక్కడ మనిషి నిలబడటమే ప్రాణాపాయమని లెక్క. ఆ లెక్కన ఒక్క లీటరు హైపో ఒక పెద్ద షెడ్డును నిలబడలేని చోటుగా మార్చగలదు. మా ట్యాంకులో ఆ రోజు రెండు వేల లీటర్లకు పైగా ఉంది.

నాకు మొదట వినపడింది అరుపు కాదు, దగ్గు. కిటికీలోంచి చూస్తే ట్యాంకు పైనున్న వెంట్ నుంచి పచ్చటి పొగ కిందికి జారుతోంది. పొగ పైకి పోవాలి కదా, ఇది గోడ వెంట నీళ్లలా దిగుతోంది. క్లోరిన్ గాలి కన్నా రెండున్నర రెట్లు బరువు. కుర్రవాడు పరిగెత్తలేదు. తప్పు తనదేనని వాడికి అర్థమైపోయింది, ఓస్ ఊడదీయాలని కామ్‌లాక్ చెవులు పట్టుకుని లాగుతున్నాడు. పంపు నడుస్తుండగా అది ఊడితే ఆసిడ్ మొహాన పడేది. దేవుడి దయ, ఊడలేదు. డ్రైవర్ నన్ను నెట్టుకుని బయటికి పరిగెత్తి, ఊపిరి బిగబట్టి వెళ్లి, మేనల్లుడి చొక్కా కాలర్ పట్టుకుని ఈడ్చుకొచ్చాడు.

స్విచ్ పొగలో ఉంది. ఎవరూ దగ్గరికి పోలేరు. ఎస్‌సీబీఏ సెట్, అంటే వీపున గాలి సిలిండరు వేసుకుని పెట్టుకునే మాస్కు, మాకు ఉంది. ఉన్నది యార్డు వెనక స్టోరు గదిలో. ఆ గది తలుపు దగ్గరే పొగ అన్నిటికన్నా దట్టంగా ఉంది. రెండేళ్లకోసారి వేలకు వేలు పోసి సర్వీసు చేయించే సెట్ అది. నలభై అడుగుల దూరంలో ఉండీ లేనట్టే అయింది. నేను పడమటి వైపున్న ఎలక్ట్రికల్ ప్యానెల్ గదికి పరిగెత్తి యార్డుకి కరెంటు ఇచ్చే ఫీడర్ మొత్తం కొట్టేశాను. పంపు ఆగింది. తర్వాత లారీని తూకం వేస్తే 40 కిలోలు తగ్గింది. అంతే, నలభై కిలోలు. ఒక నిమిషం కూడా నడిచి ఉండదు.

ఇప్పుడు రాయబోయేది ఇన్నేళ్లలో ఎవరికీ సరిగ్గా చెప్పలేదు. సైరన్ మోగగానే అందరూ డ్రిల్లులో నేర్పినట్టే అసెంబ్లీ పాయింట్‌కి, అంటే ప్రమాదమప్పుడు అందరూ చేరాల్సిన చోటికి, పరిగెత్తారు. అది తూర్పు గేటు పక్కన వేపచెట్టు కింద. మాకు సముద్రం తూర్పున. జూన్‌లో చెన్నైలో పొద్దున గాలి పడమర నుంచి వీస్తుంది. మధ్యాహ్నం దాటాక, ఒక్కోరోజు ఇంకా ఆలస్యంగా, సముద్రపు గాలి తిరుగుతుంది. మేము మూడు నెలలకోసారి డ్రిల్ చేసేది జనరల్ షిఫ్ట్ వాళ్లకు వీలని సాయంత్రం నాలుగింటికి. ఆ వేళకు గాలి తూర్పు నుంచి వస్తుంటుంది కాబట్టి వేపచెట్టు కింద ఎప్పుడూ హాయిగా ఉండేది. ఆ పొద్దున మాత్రం పొగ కూడా అటే వెళ్లింది. గాలి ఎటు వీస్తోందో చూపే గుడ్డ గొట్టం, విండ్‌సాక్, నేరుగా గేటు వైపు చాచి ఉండటం ప్యానెల్ గది నుంచి బయటికి వచ్చాకే చూశాను. తమిళంలో, తెలుగులో, గొంతు పోయేలా అరిచాను, పడమర వైపు రమ్మని. చాలామంది తిరిగి చుట్టుదారిన వచ్చారు. ఊడ్చే పనికి కాంట్రాక్టులో వచ్చే నలుగురు ఆడవాళ్లు అప్పటికే చెట్టు కిందికి చేరిపోయారు. చెప్పిన చోటికి బుద్ధిగా వెళ్లి నిలబడ్డందుకు వాళ్లు ఆసుపత్రి పాలయ్యారు. అందులో ఒకామె ఇప్పటికీ మా దగ్గరే పనిచేస్తుంది. మెట్లెక్కితే ఆయాసమొస్తుందంటుంది. అది ఆ రోజుదేనా, వయసుదా, డాక్టర్లు తేల్చలేదు. ఆమె దగ్గే ప్రతిసారీ నా తల అటు తిరుగుతుంది.

101కి, 108కి ఫోన్ చేసింది మా సెక్యూరిటీ. ఫైర్ వాళ్లు దిగగానే అడిగినవి మూడు ప్రశ్నలు: ట్యాంకులో ఏముంది, లారీలో ఏముంది, ఎంత కలిసింది. లారీ వెనక నారింజ రంగు ప్యానెల్ మీద 1789 అని ఉంది, అది హైడ్రోక్లోరిక్ ఆసిడ్ నంబరు. మొదటి రెండింటికీ జవాబు నేను చెప్పేలోపే వాళ్లు సగం అర్థం చేసుకున్నారు. పొగ పోయే దారికి అడ్డంగా సన్నటి తుంపరగా నీళ్లు తెరలా కొట్టారు, ట్యాంకు మీద మాత్రం కొట్టలేదు. ట్యాంకులో కాస్టిక్ పోస్తే క్లోరిన్‌ను మళ్లీ నీటిలోకి లాక్కుంటుంది. కానీ అది ఆ పొగలో నిలబడి చేసే పని కాదు. పొగ దానంతటది తగ్గాక, సాయంత్రం, సెట్లు వేసుకున్నవాళ్లు చేశారు.

కుర్రవాడిని సేఫ్టీ షవర్ కింద పావుగంట నిలబెట్టాం. చొక్కా విప్పనంటాడు, ఆడవాళ్లున్నారని సిగ్గు. నేనే గుండీలు తెంపి లాగేశాను. ఒంటిమీద ఏదన్నా రసాయనం పడినా, ఆ ఆవిరి పట్టినా బట్టలు ఒంటి మీద ఉంచకూడదు, కళ్లు తెరిచి పెట్టి నీళ్లు పోస్తూనే ఉండాలి. వాడు ఏడుస్తూ "అన్నా, మా మామ ఏడీ" అన్నాడు.

వాళ్ల మామ బాగానే ఉన్నాడు. కొంచెం దగ్గాడు, నీళ్లు తాగాడు, "నాకేం కాలేదు సార్, లారీ తీసుకుని పోతా, రేపు ఇంకో లోడుంది" అన్నాడు. అంబులెన్సు ఎక్కలేదు. మేమూ బలవంతం చేయలేదు. అది రెండో తప్పు. క్లోరిన్ పీల్చినవాళ్లకు ఊపిరితిత్తుల్లో నీరు చేరడం వెంటనే కాక కొన్ని గంటల తర్వాత కూడా మొదలు కావచ్చు. సాయంత్రం ఆరింటికి లారీ కేబిన్‌లో కూర్చున్న మనిషి మాట మధ్యలో ఊపిరి అందక ఆగిపోయాడు. పెదాలు నల్లబడ్డాయి. నాలుగు రోజులు ఆక్సిజన్ మీద ఉన్నాడు. బతికాడు. నెల తిరిగాక మళ్లీ స్టీరింగ్ పట్టుకున్నాడు. నేను అప్పటి నుంచి ఒక్క దగ్గు దగ్గినవాడిని కూడా ఇంటికి పంపను, తిట్టినా సరే, ఆసుపత్రిలో ఒక రాత్రి ఉంచమనే చెబుతాను.

ఎంక్వైరీలో అందరూ భాషనే పట్టుకున్నారు. తెలుగువాడికి తమిళం అర్థం కాలేదు, అంతే, బోర్డు తెలుగులో కూడా పెడదాం అన్నారు. నాకూ మొదట అదే సబబనిపించింది. ఆ తర్వాత సేఫ్టీ ఆఫీసరమ్మ ఒక రిపోర్టు చదివి చెప్పింది. అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలో ఆచిసన్ అనే ఊరు. 2016 అక్టోబర్ 21 పొద్దున అక్కడి ఎంజీపీ ఇంగ్రీడియంట్స్ ఫ్యాక్టరీలో సల్ఫ్యూరిక్ ఆసిడ్ లారీ నుంచి హైపో ట్యాంకులోకి ఆసిడ్ ఎక్కించారు. పచ్చటి మేఘం ఊరి మీదికి వచ్చింది. వేల మందిని ఇళ్లలోనే తలుపులు మూసుకుని ఉండమన్నారు, కొందరిని ఖాళీ చేయించారు. 140 మందికి పైగా వైద్యం కోసం వెళ్లారు. అక్కడి రసాయన ప్రమాదాల దర్యాప్తు సంస్థ, సీఎస్‌బీ, కారణాలు రాసింది. రెండు పైపులకీ మధ్య 18 అంగుళాలు. కనెక్షన్లు చూడ్డానికి ఒకేలా ఉన్నాయి. ఆపరేటర్ ఆసిడ్ పైపు తాళం తీసి వెళ్లాడు, పక్కనున్న హైపో పైపుకి తాళం లేదు. పొగ కంట్రోల్ రూములోకి కూడా వచ్చింది, ఊపిరి మాస్కులు అందే చోట లేవు, దూరం నుంచి ఆపే ఏర్పాటు లేదు.

ఆమె చదువుతుంటే నాకు ఒళ్లు చల్లబడింది. మా యార్డు గురించి ఎవరో ముందే రాసి పెట్టినట్టు ఉంది. అక్కడ డ్రైవరూ ఆపరేటరూ ఇంగ్లిష్ మాట్లాడే దేశంలోనే ఉన్నారు. "ఇడదు" లేదు, "ఇదే" లేదు. అయినా అదే జరిగింది. ఆ రోజు నాకు అర్థమైంది, కుర్రవాడి చెవిని తప్పు పట్టి మేము మా గోడను వదిలేస్తున్నామని. సరైన పైపు తాళం తీసేటప్పుడు చూడాల్సింది ఆ తాళాన్ని కాదు, పక్కదాన్ని. తెరిచిన తాళం దారి చూపిస్తుందనుకుంటాం. దారి చూపించేది వేసి ఉన్న తాళం.

భాష ముఖ్యం కాదని నేననను. ప్రమాదకర సరుకు తోలే డ్రైవర్లకు మోటారు వాహనాల నిబంధనల్లో తొమ్మిదోది ఉంది. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని ఒక భారతీయ భాష, దానితో పాటు ఇంగ్లిష్ చదవడం రాయడం రావాలని, ప్రత్యేక శిక్షణ సర్టిఫికెట్ ఉండాలని అంటుంది. తెలుగు ఆ షెడ్యూల్లోదే. అంటే తెలుగు చదవగల డ్రైవర్ మణలికి రావడం చట్టం ఊహించినదే. అయితే ఓస్ పట్టేది చాలాసార్లు డ్రైవర్ కాదు, క్లీనర్. ఆ నిబంధన డ్రైవర్ గురించే మాట్లాడుతుంది.

మేము చివరికి చేసినవాటిలో నాకు ఎక్కువ నమ్మకం ఉన్నది ఒక చిన్న పని. పైపు మీద పేరుతో పాటు అర చేయంత పెద్ద అంకెలు రాయించాం. ఆసిడ్ పైపు మీద 1789, హైపో పైపు మీద 1791, కాస్టిక్ పైపు మీద 1824. ఇవి మా సొంత నంబర్లు కావు, ప్రపంచమంతా వాడే యూఎన్ నంబర్లు, లారీ ప్యానెల్ మీద చట్టప్రకారం ఉండి తీరాల్సినవి. లారీ వెనక 1789 ఉంటే గోడ మీద 1789 వెతుక్కోవాలి. బీహార్ నుంచి వచ్చినవాడైనా, కడప నుంచి వచ్చినవాడైనా అంకెలు అంకెలే. ఓస్ పట్టుకునేవాడే లారీ నంబరూ గోడ నంబరూ గట్టిగా చదవాలి, నేను విని తాళం చెవి ఇస్తాను.

హైపో పైపును అసలు ఆ గోడ నుంచే తీసేసి అవతలి పక్కకు, పదిహేను మీటర్ల దూరానికి మార్చాం. దాని సైజు ఒకటిన్నర అంగుళం చేశాం, ఆసిడ్ ఓస్ బలవంతం చేసినా దానికి పట్టదు. స్విచ్ కాకుండా యార్డు గేటు దగ్గర ఒకటి, ప్యానెల్ గది దగ్గర ఒకటి పంపు ఆపే ఎర్ర బటన్లు వచ్చాయి. ఎస్‌సీబీఏ సెట్లు రెండు చోట్ల పెట్టాం, ఒకటి తూర్పున, ఒకటి పడమర. అసెంబ్లీ పాయింట్లు రెండు. సైరన్ మోగితే ముందు తలెత్తి విండ్‌సాక్ చూడాలి, తర్వాతే కాళ్లు కదలాలి. డ్రిల్ ఇప్పుడు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, రాత్రి షిఫ్టులో ఒకసారి.

లారీ రాగానే బకెట్లో చెంచాడు తీసి పీహెచ్ కాగితం మీద ఒక చుక్క వేస్తాం. ఆసిడ్ అయితే ఎర్రగా అవుతుంది. హైపో అయితే ముందు నీలంగా మారి, చూస్తుండగానే రంగు పోయి తెల్లబడుతుంది. ఏం పంపామన్నారో చలానా చెబుతుంది, లారీలో నిజంగా ఏముందో ఈ చుక్క చెబుతుంది. పావలా ఖర్చు కాని పరీక్ష.

ఓస్‌ల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే దీన్ని అందరూ తేలిగ్గా తీసుకుంటారు. మిస్సోరీ రాష్ట్రం ఫెస్టస్ దగ్గర 2002 ఆగస్టు 14న క్లోరిన్ రైలు ట్యాంకరు దింపుతుంటే ఓస్ పగిలింది. ఓస్ పై అల్లిక క్లోరిన్‌ను తట్టుకునే ప్రత్యేక లోహంతో ఉండాలి. వచ్చింది స్టెయిన్‌లెస్ స్టీల్ అల్లికది, కంటికి రెండూ ఒకటే. ఆపాల్సిన వాల్వులు తుప్పు పట్టి మూసుకోలేదు. మూడు గంటల పాటు దాదాపు 22 టన్నుల క్లోరిన్ పోయింది. ఇది విన్నప్పటి నుంచి లారీవాళ్లు తెచ్చిన ఓస్ మేము వాడం, మా ఓస్‌లకు ట్యాగు, తేదీ, ప్రెషర్ టెస్ట్ ఉంటాయి. ఎమర్జెన్సీ వాల్వు ప్రతి నెలా నిజంగా మూసి చూస్తాను. కాగితం మీద టిక్ కొట్టడం కాదు, చేత్తో తిప్పి, ప్రవాహం ఆగిందో లేదో చూడటం.

ఇదంతా రాస్తుంటే ఎన్నూరు గుర్తొస్తోంది. 2023 డిసెంబర్ 26 రాత్రి పెరియకుప్పం దగ్గర సముద్రంలోంచి వచ్చే అమ్మోనియా పైపు లీకైంది. ఓడల నుంచి అమ్మోనియాను ఒడ్డుకు తెచ్చే పైపు అది. యాభై మందికి పైగా ఆసుపత్రికి వెళ్లారు. మా ఆవిడ చెల్లెలి కుటుంబం ఎన్నూరులో ఉంటుంది. అర్ధరాత్రి ఆ పిల్ల ఫోన్ చేసి "బావా, కళ్లు మండుతున్నాయి, పిల్లలు దగ్గుతున్నారు, ఏం చేయాలి" అంది. అమ్మోనియా నీటిలో బాగా కరుగుతుంది. "తడి టవలు ముక్కుకి కట్టండి, గాలి ఎటు నుంచి వస్తోందో చూసి దానికి అడ్డంగా నడవండి, బండి స్టార్ట్ చేయడానికి ఆగొద్దు" అన్నాను. క్షేమంగా బయటపడ్డారు. ఇక్కడ ఒక మాట. తడి టవలు బయటికి పోవడానికి. అది కట్టుకుని లోపలికి పోయి ఎవరినో కాపాడదామనుకుంటే ఇద్దరు పడిపోతారు. క్లోరిన్‌లోనైతే తడి టవలును అసలు నమ్ముకోకూడదు. మా డ్రైవర్ ఊపిరి బిగబట్టి వెళ్లిన పని మేనల్లుడిని కాపాడింది, ఆయన్ని నాలుగు రోజులు ఆక్సిజన్ మీద పెట్టింది. ఆయన్ని నేను ఏనాడూ తప్పు పట్టను. కానీ ఆ పని చేయవలసిన అవసరం ఆయనకు రాకుండా చూసే బాధ్యత యార్డుది.

ఆ కుర్రవాడు మూడేళ్ల తర్వాత లైసెన్సు తీసుకుని, ప్రమాదకర సరుకుల ట్రైనింగ్ సర్టిఫికెట్ చూపించడానికి నా దగ్గరికి స్వీట్ బాక్సుతో వచ్చాడు. ఇప్పుడు ఆ లారీ తోలేది వాడే, మామ ఊళ్లో వరి చూసుకుంటున్నాడు. పదో తరగతి ప్రైవేటుగా కట్టి పాసయ్యాడు. ఇంగ్లిష్ అక్షరాలు కూడబలుక్కుని చదువుతాడు. గుమ్మిడిపూండిలో వాడు కేబిన్‌లో కూర్చున్న గంటన్నరకు వాడికి డిటెన్షన్ డబ్బులు, అంటే లారీ ఆగినందుకు ఇచ్చేవి, రావు, ట్రిప్పు లేటు అయిందని ఓనర్ కోసుకుంటాడు కూడా. ఆ నష్టం వాడి జేబులోంచే పోయింది. ఇది నాకు మింగుడు పడటం లేదు. తాళం అడిగినందుకు డ్రైవర్ డబ్బు పోగొట్టుకునే పద్ధతి ఉన్నంత కాలం చాలామంది అడగరు. మా ఫ్యాక్టరీలో ఆ ఆలస్యానికి డబ్బు మేమే ఇచ్చేలా పర్చేజ్ వాళ్లతో కాంట్రాక్టులో ఒక వాక్యం పెట్టించగలిగాను, పోయినేడు. ఒక్క వాక్యానికి ఎనిమిది నెలలు పట్టింది.

ఇంకొకటి మిగిలే ఉంది. యార్డులోకి వచ్చే మా మనుషుల నడుముకు ఎస్కేప్ మాస్కు ఉంటుంది, అయిదు నిమిషాల్లో బయటపడటానికి. లారీ డ్రైవర్‌కి, క్లీనర్‌కి లేదు. వాళ్లు మన ఉద్యోగులు కారు కదా అని అడిగారు. ఓస్ పట్టుకునేది వాళ్లే కదా అని రాశాను. రెండు మాస్కులు అడిగితే ఒకటి శాంక్షన్ అయింది. రేపు పొద్దున తొమ్మిదింటికి ఆసిడ్ లారీ ఉంది. ఆ ఒకటి క్లీనర్‌కి ఇస్తాను. డ్రైవర్‌కి నాది ఇచ్చి, నేను ప్యానెల్ గది దగ్గర, ఎర్ర బటన్ పక్కన నిలబడతాను.